ఎందుకు కావాలె బిడ్డా

పోయిన వారం మా కోడలు అటక మీది ట్రంకుపెట్టె దించి, అందులో ఏళ్ల తరబడి మడతపెట్టి ఉన్న నీలిచారల జంపఖానాను మేడ మీద ఎండలో ఆరేసింది. సాయంత్రం బట్టలు తీద్దామని పైకి వెళ్లిన నేను దాని దగ్గర ఆగిపోయాను. పైపైన కలరా ఉండల ఘాటు, దాని కింద పాత నూలు వాసన, ఇంకాస్త ముక్కు దగ్గరగా పెడితే ఎప్పుడో ఒలికిన అల్లం చాయ్ వాసన. ఆ ఆఖరిది నిజంగా ఉందో, నాకే తగిలిందో చెప్పలేను. నాంపల్లిలో మేం కిరాయికి ఉన్న ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు ఇరవైమంది దాకా సర్దుకుని కూర్చున్న జంపఖానా అది.

స్టేషను వెనక సందులో రెండు గదులు, ముందు చిన్న వరండా, పైన డాబా. నాయన స్టేషనులో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. సాయంత్రం ఆయన ఇంట్లో అడుగుపెడితే ఏ కాలం నడుస్తున్నదో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. ఎండాకాలం ఆయన చొక్కాకు మామిడిపండ్ల వాసన, వానాకాలం తడిసిన గోనెసంచుల వాసన, చలికాలం నాగపూరు నుంచి దిగిన కమలాపండ్ల వాసన. ఆదివారం పొద్దున అందరం ఉతికిన బట్టలు కట్టుకుని అబిడ్స్ వైపు గుడికి, అంటే మా చర్చికి, నడిచి వెళ్లేవాళ్లం. దారిలో ఇంకా తెరవని దుకాణాల తలుపులు, టైలరు షాపుల ముందు ఊడ్చి పోసిన రంగురంగుల గుడ్డపీలికలు, సినిమా హాలు గోడ మీద సగం చిరిగిన పోస్టరు. ఆరాధన అయ్యాక నాయనకు మనసు బాగుంటే మొజంజాహీ మార్కెట్ దాకా తీసుకువెళ్లి సీతాఫలం ఐస్‌క్రీం కొనిపెట్టేవాడు. అమ్మ తన కప్పులో సగం తిని, కడుపు నిండిందని చెప్పి, మిగతాది మా తమ్ముడి వైపు జరిపేది. నా వైపు ఎందుకు జరపదని నేను చాలా ఏళ్లు లోపల పెట్టుకున్నాను.

క్రిస్మస్ నెల వస్తే బేగంబజారు నుంచి మైదా, బెల్లం, నెయ్యి వచ్చేవి. చెక్క మీద నొక్కి గవ్వలు చేయడం నా పని, చేసినవి చేసినట్టు తినడం శామి పని. శామి అంటే శాంసన్, నాకంటే నాలుగేళ్లు చిన్నవాడైన నా తమ్ముడు. కేకు పిండి మాత్రం ఇంట్లో కలిపి, డబ్బాల్లో పోసి, బేకరీకి తీసుకువెళ్లి కాల్పించుకునేవాళ్లం. బేకరీ ముందు వరసలో నిలబడి, ఎవరి డబ్బా ఎవరిదోనని అమ్మ మూత మీద సున్నంతో వేసిన గుర్తును మళ్లీ మళ్లీ చూసుకునేది.

రెండు ప్రాంతాలూ కలిసి రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. గుంటూరు, బెజవాడల నుంచి వచ్చిన ఆఫీసు కుటుంబాలు మా చుట్టుపక్కల ఇళ్లలో దిగాయి. వాళ్ల తెలుగు మాకు పుస్తకంలో తెలుగులా, మా తెలుగు వాళ్లకు సగం ఉర్దూలా వినిపించేది. శుక్రవారం ప్రార్థన కూటంలో మాత్రం రెండు రకాల తెలుగూ ఒకే జంపఖానా మీద మోకరించేవి. పాటలయ్యాక, వాక్యం అయ్యాక, ఒక్కొక్కరూ తమ మనవులు చెప్పుకునేవాళ్లు. వాటి కోసం పైకి ప్రార్థన చేసేది రూతవ్వ.

రూతవ్వ మెదక్ వైపు మనిషి. ముప్పై ఏళ్లు బైబిలు స్త్రీగా ఊరూరూ నడిచి, ఇంటింటి ముందూ కూర్చుని వాక్యం చెప్పి, ముసలితనంలో నాంపల్లిలో ఒక చిన్న గది తీసుకుని ఉండేది. తెల్ల నూలు చీర, చేతిలో నల్ల గొడుగు, రొంటిన ఒక నశ్యం డబ్బీ. డబ్బీ సంగతి అందరికీ తెలిసినా ఎవరికీ తెలియనట్టే ఉండేవాళ్లు. ఆమెకు పిల్లలు లేరు. మొగుడు చిన్నతనంలోనే పోయాడు. అందరినీ బిడ్డా అనే పిలిచేది, పాస్టరు అయ్యగారిని కూడా.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరేం కోరినా వెంటనే కళ్లు మూసుకునేది కాదు. "ఎందుకు కావాలె బిడ్డా?" అని అడిగేది. చెప్పిన జవాబు విని, "గదెందుకు?" అనేది. అది కూడా చెబితే మళ్లీ అదే మాట. గొంతులో ఎగతాళి గాని, కోపం గాని ఉండేవి కావు. బావిలోకి తాడు వదులుతున్న మనిషికి నీళ్లు తగిలేదాకా లోతెంతో ఎలా తెలియదో ఆమెకూ అలాగే తెలియనట్టు, ఓపికగా వదులుతూ పోయేది.

ప్రకాశరావుగారని, గుంటూరు నుంచి వచ్చిన ఆఫీసు సూపరింటెండెంటు ఒకాయన ఉండేవాడు. నిండు చేతుల చొక్కా, ఇస్త్రీ పంచె, ఎవరినైనా అండీ అని తప్ప పిలవని మనిషి. ఆయన ఒక శుక్రవారం తన ప్రమోషన్ కోసం ప్రార్థించమన్నాడు.

"ఎందుకు కావాలె బిడ్డా?" అంది రూతవ్వ.

"ఎందుకేమిటండీ, జీతం పెరుగుతుంది కదా."

"గదెందుకు?"

"పిల్లల చదువులున్నాయండీ."

"పిల్లలకు ఇప్పుడు ఫీజులు కడ్తలేవా?"

"కడుతున్నానండీ." ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న ఆయన కూతురు సువర్ణ తల వంచుకుంది. ఆయన నేల వైపు చూస్తూ అన్నాడు, "ఈసారి నాకు రాకపోతే నా కింద పనిచేసిన కుర్రాడికి వస్తుందండీ. వాడు గదిలోకి వస్తే నేను లేచి నిలబడాలి."

రూతవ్వ అప్పుడు కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ బిడ్డకు లేచి నిలబడుడు కష్టమనిపిస్తున్నది. నీకు చెప్పుకున్నడు. నువ్వు చూసుకో" అంది. అంతే ప్రార్థన. ఆ ప్రమోషన్ ఆ కుర్రాడికే వచ్చింది. కొన్ని వారాల తర్వాత ప్రకాశరావుగారు చాయ్ తాగుతూ నాయనతో, "నిలబడ్డానండీ. అనుకున్నంత కష్టం కాలేదు" అనడం నేను విన్నాను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు, పదేళ్లు. పెద్దవాళ్లకు లోపల ఇంకో గది ఉంటుందని, అందులోకి వాళ్లే వెళ్లరని అప్పుడే తెలిసింది. మీసాలున్న మగవాళ్లు, మాకు ఎక్కాలు తప్పితే మొట్టికాయలు వేసే పంతులమ్మలు, ఆ చిన్న మాట ముందు చేతులు ముడుచుకుని కూర్చోవడం నేను కళ్లార్పకుండా చూసేదాన్ని. కొందరు ఆ అడగడం పడక కూటానికి రావడం మానేశారు. ఎక్కువమంది మానలేకపోయారు. నేనూ ఒకసారి చిక్కాను. బైబిలు వాక్యాలు అప్పజెప్పే పోటీలో ఫస్టు రావాలన్నాను. ఎందుకంటే దేవుడి మహిమ కోసమన్నాను. "గదెందుకు?" అనేసరికి, "సువర్ణకు రావొద్దు" అన్నాను. అందరూ నవ్వారు, సువర్ణ తప్ప. రూతవ్వ కూడా నవ్వలేదు. నేను చెప్పిందే దేవుడికి చెప్పింది. ఆ పోటీలో మా ఇద్దరిలో ఎవరికీ ఫస్టు రాలేదు.

ఆ మరుసటి ఏడు జనవరి వచ్చింది. నాంపల్లి పిల్లలకు జనవరి అంటే రెండే రెండు. పగలు డాబాల మీద పతంగులు, సాయంత్రం ఎగ్జిబిషన్. మైదానంలో వెలిగే దీపాలు మా డాబా మీదికి కనిపించేవి. జెయింట్ వీల్ తిరుగుతుంటే దాని రంగుల బల్బులు గోడల పైనుంచి లేచి మళ్లీ మునిగేవి. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే గొంతు, వేయించిన పల్లీల వాసన, జనం లేపిన దుమ్ము మా సందు దాకా వచ్చేవి. అంత దగ్గర ఉన్నా ఏడాదికి ఒక్కసారే వెళ్లేవాళ్లం. ఆ ఏడు జెయింట్ వీల్ ఎక్కిస్తానని నాయన మాట ఇచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ ఎక్కలేదు నేను.

సంక్రాంతి పండగ మరునాడు శామి తెగిన పతంగి కోసం డాబా పిట్టగోడ ఎక్కాడు. ఆరేళ్లవాడు, రెండు చేతులూ పైకి చాచి, కింద సందు కనిపిస్తున్నా చూడకుండా నిలబడ్డాడు. బియ్యం ఏరుతున్న అమ్మ చేట కింద పడేసి మెట్లెక్కి, వాడిని రెక్క పట్టి లాగి, రెండు చెంపలూ వాయించింది. వాడు ఏడవలేదు. అమ్మ వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది.

నాలుగో రోజుకు డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. మాత్రలు రాసి, గంజి, మోసంబి రసం తప్ప ఏమీ పెట్టవద్దన్నాడు. నాయన ఆఫీసు నుంచి మార్కెట్ మీదుగా నడిచి వచ్చి మోసంబులు తెచ్చేవాడు. అమ్మ తడిగుడ్డ పిండి వాడి నుదుటి మీద వేస్తూ, అది వేడెక్కితే తీసి మళ్లీ ముంచుతూ, జుట్టు దువ్వుకోవడం కూడా మరిచిపోయింది. రెండు వారాలు దాటినా జ్వరం దిగలేదు. వాడి పెదవులు నల్లబడి, కళ్లు లోపలికి పోయి, పిలిస్తే మాకు అర్థంకాని మాటలేవో అనేవాడు. నేను వరండాలో తొక్కుడుబిళ్ల గీతల మీద ఒక్కదాన్నే గెంతుతూ, ఎగ్జిబిషన్ ఇంకెన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టేదాన్ని. రోజూ మోకరించి, తమ్ముడు బాగుకావాలని దేవుణ్ణి అడిగేదాన్ని. ఇరుగుపొరుగు చూసి, ఎంత ప్రేమో పిల్లకు అనేవాళ్లు.

మూడో వారం శుక్రవారం మా ఇంట్లో కూటం పెట్టలేదు. మధ్యాహ్నం ఎండ వరండాలో ఉండగానే రూతవ్వ ఒక్కతే వచ్చింది. గొడుగు మూల నిలబెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. నాయన ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు.

"అవ్వా, ప్రార్థన చెయ్యి. పిల్లగాడు బతకాలె" అంది అమ్మ.

ఆమె అడుగుతుందని నాకు తెలుసు. అడగకూడదని గోడకు ఆనుకుని గట్టిగా కోరుకున్నాను.

"ఎందుకు బిడ్డా?" అంది రూతవ్వ.

గుమ్మంలో నిలబడిన నాయన, "అవ్వా, గిదేం మాట? తల్లిని అడిగే మాటనా?" అన్నాడు. ఆయన ఆమెతో ఎదురు మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

రూతవ్వ ఆయన వైపు తిరగలేదు. అమ్మ వంకే చూస్తూ కూర్చుంది.

"నా కొడుకు గాబట్టి" అంది అమ్మ. గుడ్డ నీళ్లలో ముంచింది. పిండలేదు. చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. "జరం వచ్చిన దినం పొద్దుగాల కొట్టిన అవ్వా. రెండు చెంపలు కొట్టిన. ఏడ్వలేదు వాడు. నన్నే చూసుకుంట నిలవడ్డడు. గట్ల చూసుకుంటనే పోతడేమోనని భయమైతున్నది. ఒక్కసారి మంచిగైతే వాన్ని మాఫీ అడుగుత."

నాయనకు ఈ సంగతి తెలియదు. ఆయన గుమ్మంలోనే గడప మీద కూర్చుండిపోయాడు. రూతవ్వ అమ్మ తడిచేతిని గిన్నెలోంచి తీసి తన ఒడిలో పెట్టుకుంది. తర్వాత నాయనను అడిగింది, "నీకు?"

"నాకు ఎర్కలేదవ్వా" అన్నాడు ఆయన. మళ్లీ తనే అన్నాడు, "ఎందుకంటే ఏం చెప్పాలె? ఎర్కలేదు."

"ఎర్క లేదనే చెప్త" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు పిల్లా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. తమ్ముడంటే ప్రేమ అని చెప్పవచ్చు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. కాని ఆమె దాని తర్వాత అడిగే రెండో మాట నాకు తెలుసు. మంచం మీద శామి ఊపిరి గురగురమంటున్నది.

"ఎగ్జిబిషన్ అయిపోతది" అన్నాను.

అమ్మ తల ఎత్తి చూసింది. నాకు దెబ్బ పడుతుందనుకున్నాను. పడాలని కూడా అనుకున్నాను. రూతవ్వ మాత్రం, నేనేదో బరువు మోసుకువచ్చి ఇస్తే అందుకున్నట్టు, మెల్లగా తల ఊపింది. కళ్లు మూసుకుంది.

"ప్రభువా, గీ ఇంట్ల ముగ్గురు ఒక్కటే అడుగుతున్నరు. తల్లి, కొట్టినందుకు అడుగుతున్నది. అక్క, ఎగ్జిబిషన్ కోసం అడుగుతున్నది. తండ్రికి ఎందుకో ఎర్కలేదు. ముగ్గురిని నువ్వే చేసినవు. పిల్లగాన్ని లేపు. ఆమెన్."

నేను కళ్లు తెరిచి చూస్తే దూలాలు దూలాల్లాగే ఉన్నాయి. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. దేవుడికి అలాంటి మాట చెప్పవచ్చని, చెప్పినా పిడుగు పడదని, అమ్మ ఏడుపూ నా జెయింట్ వీలూ ఒకే ప్రార్థనలో పక్కపక్కన కూర్చోగలవని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నాకు కలిగిన భయంలాంటి సంతోషాన్ని తర్వాత ఎన్నో పెద్ద గుళ్లలో, వేలమంది పాడుతున్న చోట నిలబడి వెతుక్కున్నాను. అంతగా మళ్లీ కలగలేదు.

ప్రార్థన వల్లనో, డాక్టరు మాత్రల వల్లనో, నాలుగు రోజులకు జ్వరం దిగింది. వారానికి వాడు గోడకు ఆనుకుని కూర్చుని మెత్తని అన్నం తిన్నాడు. జుట్టంతా ఊడిపోయింది. బైబిల్లో సంసోనుకు వెంట్రుకలు పోతే బలం పోయింది గాని, మా సంసోనుకు వెంట్రుకలు పోయినంక బలం వచ్చిందని రూతవ్వ వాడి నున్నని తల నిమిరి నవ్వింది. అమ్మ ఒక పూట వాడికి ముద్దలు కలిపి పెడుతూ, మెల్లగా, "కొట్టినందుకు మాఫీ చెయ్యి బిడ్డా" అంది. వాడు నమలడం ఆపి, "ఎప్పుడు కొట్టినవ్?" అన్నాడు. వాడికి గుర్తే లేదు. అమ్మ చేతిలోని ముద్ద వాడి నోటికి అందించి, ఇంకొకటి కలిపింది.

వాడు బయటికి వచ్చేసరికి ఎగ్జిబిషన్ అయిపోయింది. అయినా నాయన ఇచ్చిన మాట మరవలేదు. ఒక సాయంత్రం వాడిని భుజాల మీద ఎక్కించుకుని, నా చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకువెళ్లాడు. దుకాణాలు ఊడదీసి గుంజలు పీకుతున్నారు. నేలంతా పల్లీ పొట్టు, తెగిన రిబ్బన్లు, విరిగిన గాజుముక్కలు. జెయింట్ వీల్ ముక్కలు ముక్కలై లారీ పక్కన పడుకుని ఉంది. నేను దాని తొట్టి ఒకటి చేత్తో ముట్టుకుని ఏడ్చాను. మనసారా ఏడ్చాను, మంచి అక్కలా ఊరుకోలేదు. కాసేపటికి శామి పై నుంచి, "అక్కా, గది చూడు, గది చూడు" అని ఊడదీసిన ప్రతి రేకునూ, గుంజనూ చూపించడం మొదలుపెట్టాడు. వాడి గొంతు ఇంకా బలహీనంగా ఉంది. ఆ గొంతు వింటుంటే నా ఏడుపు ఆగింది. నేను అడిగిన కారణం పోయింది. వాడు మిగిలాడు. నాకు సంతోషంగానే ఉంది. ఎందుకని అప్పుడు రూతవ్వ అడిగి ఉంటే నేను కూడా నాయన చెప్పిన జవాబే చెప్పేదాన్ని.

నేను హైస్కూలు చివరికి వచ్చేసరికి రూతవ్వ కళ్లకు పొరలు కమ్మాయి. బడి అయ్యాక వెళ్లి ఆమెకు బైబిలు చదివి వినిపించేదాన్ని. కోఠిలో పాత పుస్తకాల బండి మీద కొన్న పెద్ద అక్షరాల ప్రతి తీసుకువెళ్తే, ఆ అక్షరాలు కూడా చీమల్లా ఉన్నాయని పక్కన పెట్టింది. ఒకనాడు చదవడం అయ్యాక, ఎప్పటిలా బిడ్డా అనకుండా నా పేరు పెట్టి, "దీనా, నా కన్నుకు ఆపరేషన్ అంటున్నరు. చూపు రావాలని జర ప్రార్థన చెయ్యి" అంది.

అది నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. "ఎందుకవ్వా?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. "వాక్యం చదువుకోవాలె" అంది.

"నేను చదువుతున్న గదా."

"నీ పెండ్లయితే?"

"ఇంకెవరన్న చదువుతరు. చూపెందుకు?"

రూతవ్వ నశ్యం డబ్బీ తీసింది. తెరవకుండా చేతిలో తిప్పుతూ కూర్చుంది. బయట జట్కా ఒకటి పోయింది. "శుక్రారం నాడు మంది చెప్తుంటే మొకాలు కనవడ్తలేవు బిడ్డా" అంది చివరికి. "గొంతు వినవడ్తది. మొకం కనవడకుంటే రుచి లేదు. లోపలిది చెప్పేటప్పుడు మనిషి మొకం ఎట్లైతదో, గది చూసుడు నాకు ఇష్టం. ఇన్నేండ్లు దేవుని కోసం అడిగిన అనుకున్న. సగం నా కోసమే అడిగిన." ఆమె ముఖం ఎర్రబడింది. అంత ముసలి ముఖం సిగ్గుపడగలదని నాకు తెలియదు. "ఎవ్వరు నన్ను అడగలే గిన్నొద్దులు" అంది.

నాకు ఆమె నేర్పిన తీరు ఒక్కటే తెలుసు. కళ్లు మూసుకుని, రూతవ్వకు మనుషుల మొకాలు చూడాలని ఉంది, అందుకు కన్ను కావాలంటున్నది అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఆమెన్ అంది.

ఒక కంటికి చూపు వచ్చింది. మందపాటి అద్దాలు పెట్టుకుని కూటానికి వచ్చిన మొదటి శుక్రవారం, ఎవరినీ ఏమీ అడగకముందే తన సంగతి తానే చెప్పింది. "నేను అడిగేది మీ మేలు కోసమే గాదు. నాకు వినబుద్ధైతది. చెప్పాలనిపిస్తెనే చెప్పున్రి" అంది. ఆ తర్వాత ఆమెకు చెప్పుకున్నవాళ్లు మునుపటికంటే ఎక్కువే. డెబ్బైల మొదట్లో ఒక వానాకాలం ఆమె వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ సందులో మా ఇల్లు లేదు. ఆ చోట లాడ్జి లేచింది, మెట్రో నీడ దాని గుమ్మం దాకా పడుతుంది. ప్రార్థన మనవులు ఫోనులో వస్తాయి. ఉద్యోగం కోసం, వీసా కోసం, స్థలం రిజిస్ట్రేషన్ కోసం అని ఎవరో రాస్తే, చదివామో లేదో, నిమిషంలో నలభై జోడించిన చేతుల బొమ్మలు కింద పెడతాం. నేనూ పెడతాను. ఎవరూ ఎవరినీ ఎందుకని అడగరు. అడిగితే బాగుండదు కూడా.

రెండేళ్ల కిందట శామికి గుండె ఆపరేషన్ అయింది. కోలుకున్నాడు, ఇప్పుడు ఉదయాలు నడుస్తున్నాడు. ఆ రోజు పొద్దున వాడిని లోపలికి తీసుకువెళ్లాక నేను ఆసుపత్రి కుర్చీలో కూర్చుని దేవుణ్ణి అడగడం మొదలుపెట్టాను. వాడికి పిల్లలున్నారని చెప్పాను. మంచివాడని చెప్పాను. అవి నిజాలే గాని అడుగున ఇంకొకటి ఉందని తెలుస్తూనే ఉంది. వాడు పోతే, మా అమ్మను అమ్మా అని పిలిచినవాళ్లలో నేనొక్కదాన్నే మిగులుతాను. ఆమె గొంతు ఎలా ఉండేదో అడగడానికి నాకు ఇంకెవరూ ఉండరు. అది వాడి కోసం కాదు, నా కోసం. అలాగే చెప్పాను.